తాత జీపుకు పాత పెట్రోలు ఇంజనే ఉంచాలా, డీజిల్ ఎక్కించాలా?

పెన్నా ఒడ్డు (తాడిపత్రి)
మా తాత 1969లో కొన్న మహీంద్రా సీజే3బీ జీపు కళ్లం పక్కన రేకుల షెడ్డులో ఏళ్ల తరబడి పడి ఉంది. ఇప్పుడు ఇంట్లోనే విప్పి బాగు చేసుకుంటున్నా. బాడీ దించేశా. ఛాసిస్ గట్టిగానే ఉంది. మన ఎండల పుణ్యమా అని తుప్పు నేల రేకులు దాటి పోలేదు. గొడవంతా ఇంజను దగ్గరే. పట్టేసింది, హ్యాండిల్ వేసి తిప్పినా కదలడం లేదు. ఊళ్లో మేస్త్రీ ‘ఇది తీసి పక్కన పడెయ్, తుక్కుకు పోయిన ఎమ్మెమ్ 540 జీపుది డీజిల్ ఇంజను ఒకటి ఉంది, కూర్చోబెడదాం’ అంటున్నాడు. నాన్నేమో ఇంజను మారిస్తే అది తాత జీపు కాదంటాడు. నాకు తోటకు పోవడానికీ, అప్పుడప్పుడు గండికోట దాకా తిరగడానికీ బండి కావాలి. ఏం చేయమంటారు?

చీనీతోట (పులివెందుల)
డీజిల్ వెయ్ అన్నా, ఇంకో మాట లేదు. ఆ పెట్రోలు ఇంజను తాగుడు నువ్వు తట్టుకోలేవు. మే నెలలో గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతుంటే మధ్యలో ఆగిపోతుంది. పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసుకుని రోడ్డు పక్కన కూర్చున్నవాళ్లను చిన్నప్పుడు ఎంతమందిని చూశానో. డీజిల్ లాగుడే వేరు.

గుత్తి ఫిట్టర్
లాగుడు సంగతి నేను చెప్తా తమ్ముడూ. సీజే3బీలో ఉన్నది హరికేన్ ఇంజను, 2199 సీసీ. ఇన్‌లెట్ వాల్వులు హెడ్‌లో, అంటే ఇంజను పైమూతలో, ఎగ్జాస్ట్ వాల్వులు కింది బ్లాకులో ఉంటాయి. హెడ్ ఎత్తు పెరగబట్టే ఆ జీపుకు అంత ఎత్తు బానెట్ పెట్టారు. కంపెనీ లెక్కలో దాని శక్తి 70 హార్స్ పవర్ పైనే. ఎమ్మెమ్ 540లో వచ్చిన 2112 సీసీ ప్యూజో డీజిల్‌కు 62. కొలిచే పద్ధతులు వేరనుకో, అయినా డీజిల్ వేస్తే ఏనుగు బలం వస్తుందన్నది ఉత్త మాట. మైలేజీ వస్తుంది, అది ఒప్పుకుంటా.

ఇక పని సంగతి. ప్యూజో మీ పాత గేర్‌బాక్సుకు నేరుగా కూర్చోదు. నడుమ అడాప్టర్ ప్లేటు లేత్ మీద తీయించాలి, లేదంటే గేర్‌బాక్సు కూడా మార్చాలి. అది మార్చావంటే గేర్‌బాక్సు నుంచి చక్రాల ఇరుసులకు పోయే ప్రొపెల్లర్ షాఫ్టుల కొలతలు మారతాయి. ఇంజను మౌంటింగులు కోసి, ఛాసిస్ మీద కొత్తవి వెల్డింగ్ చేయాలి. ప్లేటు వెంట్రుకవాసి పక్కకు జరిగినా క్లచ్ వణుకుతుంది, గేర్‌బాక్సు బేరింగు అరుస్తుంది. ఇంటి షెడ్డులో చెయిన్ బ్లాకు, చిన్న వెల్డింగ్ మిషను పెట్టుకుని చేసే పని కాదిది. ఇంత చేసినా ఇరుసులోని క్రౌన్ గేరు 5.38ది అలాగే ఉంటుంది, అంటే చక్రం ఒక్క చుట్టు తిరగాలంటే షాఫ్టు 5.38 చుట్లు తిరగాలి. స్పీడు 80 దాటించావంటే ఏ ఇంజనైనా అరుపే.

పట్టేసిన ఇంజన్లన్నీ చచ్చినవి కావు. ప్లగ్గులు తీసి పిస్టన్లు ఆడే నాలుగు బోర్లలోనూ డీజిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్ చెరిసగం కలిపి పోసి నాననివ్వు. తర్వాత హ్యాండిల్‌తో ముందుకో ఇంత, వెనక్కో ఇంత కదుపు. సుత్తి జోలికి పోవద్దు. బ్లాకు పక్కనున్న ప్లేటు విప్పి ఎగ్జాస్ట్ వాల్వులు గైడ్లలో ఇరుక్కున్నాయేమో చూడు. కదిలాక కూడా ప్లగ్గులు లేకుండానే తిప్పి, లోపలి ఆయిలంతా బయటికి చిమ్మించాలి.

కాగితం పులి (కర్నూలు)
ఇంజనుకంటే ముందు ఆర్సీ చూసుకోండి. అందులో ఇంధనం పెట్రోలు అని ఉంటుంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. పైగా 2021లో వింటేజ్ నిబంధనలు వచ్చాయి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చని బండికి ‘వీఏ’ అక్షరాలతో నంబరు ఇస్తారు. ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది. డీజిల్ ఎక్కించిన రోజే ఆ దారి మూసుకుపోతుంది.

చీనీతోట (పులివెందుల)
ఆ నంబరు తీసుకుంటే రోజువారీ తిరగకూడదని కూడా చెప్పు సార్! ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలు పోయించుకోవడానికి, రిపేరుకు తప్ప రోడ్డెక్కకూడదు. ఆయన తోటకు పోవాలంటున్నాడు. అయినా మన దగ్గర డీజిల్ వేసిన జీపులు ఎన్ని తిరగడం లేదు? ఏ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బానెట్ ఎత్తి చూశాడు?

కాగితం పులి (కర్నూలు)
వింటేజ్ నంబరు వద్దనుకుంటే మామూలు ఆర్సీనే ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవచ్చు. అప్పుడు ఫిట్‌నెస్‌కు బండి చూపించాల్సిందే. బానెట్ ఎవరూ ఎత్తరంటారా? ఎవరికైనా తగిలిననాడు ఇన్సూరెన్సు వాళ్లు ఎత్తుతారు.

గుత్తి ఫిట్టర్
ఘాట్‌లో ఆగిపోయే జబ్బుకు మందుంది. పెట్రోలు పైపు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పక్కనుంచి పోతుంటే వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరవుతుంది. పైపును దూరంగా తిప్పి, వేడి తగలకుండా రేకు అడ్డం పెడితే చాలావరకు తగ్గుతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ పెట్రోలు కాబట్టి పాత రబ్బరు ట్యూబులు, పంపులోని రబ్బరు డయాఫ్రమ్ తీసేసి దానికి ఆగేవి వేయించుకో.

పెన్నా ఒడ్డు (తాడిపత్రి)
ఫిట్టరన్నా, చెప్పినట్టే పోసి వదిలేస్తే ఇంజను కదిలింది! హెడ్ కూడా విప్పా. మూడో బోరులో తుప్పు గీత గోటికి తగులుతోంది, మిగతావి నున్నగా ఉన్నాయి. బోర్లన్నీ కాస్త పెద్దవిగా రీబోర్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయాలా, ఆ ఒక్క బోరులో కొత్త గొట్టంలాంటి స్లీవ్ దింపితే సరిపోతుందా? పిస్టన్ల కోసం బెంగళూరు శివాజీనగర్ గుజరీకి, అదే పాత సామాన్ల బజారుకు, పోదామనుకుంటున్నా.

గుత్తి ఫిట్టర్
ముందు నాలుగు బోర్లూ డయల్ గేజీతో కొలిపించు. అరుగుదల చూడకుండా పిస్టన్లు కొనొద్దు. కొలతలు ఇక్కడ పెట్టు, చూసి చెప్తా.

చీనీతోట (పులివెందుల)
సరే కానీ, మేస్త్రీ చూపించిన ఆ ప్యూజో ఇంజను నీకు వద్దంటే నాకు చెప్పన్నా. మా చిన్నాయన ఎమ్మెమ్ 540కి కావాలి. ఆర్సీలో డీజిలనే ఉంది లెండి, కాగితం సారూ!