ఆరు నెలలకు స్కోరు మామూలైతే రోగి మామూలైనట్టేనా? (పెద్దపేగు, రెక్టమ్ కేన్సర్)

హొసూరు రోడ్డు: బెంగళూరులో మనవాళ్లు నింపిస్తున్న ఫాలోఅప్ ఫారాల గురించి అడుగుతున్నా. రెక్టమ్ ఆపరేషన్‌కి ముందు, ఇలియోస్టమీ బ్యాగు (పొట్ట మీద చేసిన పేగు రంధ్రానికి, అంటే స్టోమాకి, తగిలించే సంచి) తీసి పేగు కలిపాక, రెండుసార్లూ క్యూఎల్‌క్యూ-సీ30 (కేన్సర్ రోగుల జీవన నాణ్యత ప్రశ్నావళి) నింపిస్తే గ్లోబల్ స్కోరు, అంటే మొత్తం మీద ఎలా ఉన్నారో 0–100లో చెప్పే అంకె, ఇంచుమించు ఒకటే వచ్చింది. ‘జీవన నాణ్యత పూర్వస్థితికి చేరింది’ అని రాసెయ్యొచ్చా?

లెక్కల రావు: తేడా 10 పాయింట్ల లోపే ఉంటే నిక్షేపంగా రాయొచ్చు. 1998 నుంచి ఉన్న కొలతే: 5–10 కొద్ది మార్పు, 10–20 ఓ మోస్తరు, 20 దాటితే బాగా.

స్టోమా సిస్టర్: ఆ 10 రొమ్ము కేన్సర్, స్మాల్ సెల్ ఊపిరితిత్తి కేన్సర్‌లకి కీమో తీసుకుంటున్నవాళ్ల దగ్గర తేలిన అంకె రావు గారూ. పైగా గ్లోబల్ అంటే రెండే ప్రశ్నలు, 29, 30. ఒక్కోటి 1 నుంచి 7. ఒకదాంట్లో ఒక మెట్టు కదిలితే 8.3, రెండు మెట్లయితే 16.7. విరేచనాలకి ఉన్నది ఒక్కటే ప్రశ్న, 1 నుంచి 4. అక్కడ మెట్టుకి 33. ఒక రోగి స్కోరు సరిగ్గా 10 కదలడం వీటిలో కుదరదు.

లెక్కల రావు: 10 గ్రూపు సగటుకండీ. ఒక్క మనిషికని ఎవరన్నారు?

తుమకూరు బస్సు: మరి ఒక్క మనిషికి ఎంత?

డే కేర్ డెస్క్: 10 సంగతి తర్వాత, ఫారం ఏ రోజు ఇస్తున్నారో చెప్పండి ముందు. కాపాక్స్ కీమో (ఆక్సాలిప్లాటిన్, కాపెసిటబిన్ మందులు) సైకిల్ 21 రోజులు. ఫారంలో చాలా ప్రశ్నలు ‘గత వారం’ గురించే. తర్వాతి సైకిల్ రోజు పొద్దున ఇస్తే మూడో వారం మాత్రమే పడుతుంది, అంటే కాస్త తేరుకున్న వారం. వాంతులు, నీరసం ఎక్కువుండే మొదటి వారం ఎక్కడా కనబడదు. ఆక్సాలిప్లాటిన్ తిమ్మిర్లు ఇంకో తంటా. మందు ఆపాక కూడా రెండు మూడు నెలలు పెరుగుతాయి, సీ30లో వాటి ప్రశ్నే లేదు. ఇంకో మాట: లక్షణాల స్కేళ్లలో అంకె పెరిగితే బాధ పెరిగినట్టు, పనితీరు స్కేళ్లలో పెరిగితే మెరుగు. ఎక్సెల్‌లో రెండిటినీ ఒకే దిక్కున చదివి విరేచనాలు 33 నుంచి 67కి ‘మెరుగుపడ్డాయి’ అని రాసినవాళ్లున్నారు.

లెక్కల రావు: అది ఎంట్రీ తప్పు, కొలత తప్పు కాదు. 10 మాట తేల్చండి.

స్టోమా సిస్టర్: మీరు 10 వదలరు! పేగు కలిపాక అడగాల్సింది లార్స్ స్కోరు, రెక్టమ్ ఆపరేషన్ తర్వాత విరేచనం అదుపు ఎలా ఉందో చెప్పేది. ఐదు ప్రశ్నలు, మొత్తం 42. గంటలోపే మళ్లీ వెళ్లాల్సి రావడం వారానికి ఒక్కసారైనా ఉంటే 11. ఆపుకోలేక పరుగెత్తడం వారానికి ఒక్కసారైనా ఉంటే 16. ఈ రెండే 27. గ్యాస్ అదుపు తప్పడం వారంలో ఒక్కసారి కూడా లేకపోయినా అప్పుడప్పుడూ ఉంటే ఇంకో 4, మొత్తం 31. 30 దాకా వస్తే ‘మేజర్’. ఈ 31 మనిషే గ్లోబల్‌లో ‘బాగానే ఉన్నా’ అని 5 పెడతాడు. ప్రాణం దక్కింది చాలనుకుంటాడు, లోపలి కొలబద్దే మారిపోతుంది. బ్యాగు ఉన్నప్పుడు లార్స్ అడగడానికే లేదు. సీఆర్29లో (సీ30తో పాటు ఇచ్చే పెద్దపేగు, రెక్టమ్ కేన్సర్ ఫారం) కూడా బ్యాగు ఉన్నవాళ్లని బ్యాగు ఎన్నిసార్లు మార్చారని, లేనివాళ్లని ఎన్నిసార్లు వెళ్లారని అడుగుతారు. ఆ రెంటినీ ఒకే కాలమ్‌లో పెట్టి ‘ముందు–తర్వాత’ గ్రాఫు గీస్తే ఏం లాభం?

కడప కుర్రాడు: +1

లెక్కల రావు: సరే, లోపలి కొలబద్ద మారిపోవడానికి ఉపాయం ఉంది: ‘అప్పట్లో ఎలా ఉన్నారో ఇప్పుడు చెప్పండి’ అని వెనక్కి అడగడం. అసలు రోగం వేరే చోట. బాగోలేనివాళ్లు ఫాలోఅప్‌కి రారు, మిగిలినవాళ్ల సగటు దానంతటదే పెరుగుతుంది. స్కేలులో సగం ప్రశ్నలకైనా జవాబుంటే మిగతావి సగటుతో పూరించొచ్చు, ఒంటరి ప్రశ్నకి ఆ దారీ లేదు. దాంపత్యం ప్రశ్నల పేజీ ఎప్పుడూ ఖాళీయే. నింపించేది మీ నర్సులే కదా సిస్టర్?

స్టోమా సిస్టర్: ఓపీ వరండాలో కొడుకు పెన్ను పట్టుకుని చదువుతుంటే ఏ తండ్రి జవాబిస్తాడండీ? గది ఇవ్వరు, మనిషిని ఇవ్వరు, ఖాళీకి మాత్రం నర్సు! పైగా మీ గ్రాఫు చూపించి ‘అందరూ బాగానే ఉన్నారు, స్టోమా నర్సు ఎందుకు’ అంటారు.

లెక్కల రావు: నా గ్రాఫుని అడ్డం పెట్టుకుని పోస్టు ఆపితే నేనా బాధ్యుణ్ణి? ఒక్కటే అడుగుతా. ‘చాలా ఎక్కువ’ అని టిక్కు పెట్టిన ఫారాన్ని మీరు అదే రోజు డాక్టరుకి చూపిస్తున్నారా?

స్టోమా సిస్టర్: చూపిస్తా. విరేచనాలు తగ్గించే లోపెరమైడ్ డోసు సరిచేయించాలి, చర్మం ఒరిసిపోతే బ్యాగు ప్లేటు రంధ్రం మళ్లీ కొలిచి కత్తిరించాలి. మూడు నెలల తర్వాత మీ పేపర్లో చదివి చేయమంటారా?

లెక్కల రావు: అలా చేస్తే అది కొలత కాదు, వైద్యం. ఆరు నెలల స్కోరు మీ చేతి చలవా, ఆపరేషన్‌దా అని నేనెలా విడదీయాలి?

స్టోమా సిస్టర్: విడదీయకండి. ఫారం నింపింది మీ కోసం కాదు.

డే కేర్ డెస్క్: ఇద్దరూ ఆగండి. ఏ జవాబుకి ఎవరికి ఫోను వెళ్లాలో ప్రోటోకాల్‌లో ముందే రాసి, అందరికీ ఒకేలా చేస్తే సరిపోదూ?

లెక్కల రావు: రాస్తే నాకు అభ్యంతరం లేదు. రాయకుండా చేస్తున్నారనే నా గొడవ.

స్టోమా సిస్టర్: కమిటీ మీటింగుకి నర్సుని పిలిస్తేగా రాసేది.

తుమకూరు బస్సు: సీఆర్29 ఫారం ఎక్కడ దొరుకుతుంది?

డే కేర్ డెస్క్: ఈ ఫారాలు తయారుచేసిన యూరప్ కేన్సర్ పరిశోధన సంస్థ ఈఓఆర్‌టీసీ సైటులో అడిగి తీసుకోండి. చేతులు మారిన జిరాక్సులు వాడొద్దు.