1968 షెవెల్‌కు ఓవర్‌డ్రైవ్ ఆటోమేటిక్: 700ఆర్4 పెట్టాలా, 200-4ఆర్ పెట్టాలా?

హ్యూస్టన్ షెవెల్:
అందరికీ నమస్కారం. శుక్రవారం రాత్రి నుంచి ఈ ఒక్క విషయం మీదే కూర్చున్నాను. నిన్న ఐదు గంటలపాటు బండి కింద పడుకుని కొలతలు తీసుకున్నా లెక్క తేలలేదు కనుక, తెలిసినవారు దారి చూపుతారన్న ఆశతో రాస్తున్నాను. నా 1968 షెవర్లే షెవెల్‌లో 350 ఘనపు అంగుళాల ఇంజను, దాని వెనుక మూడు గేర్ల టర్బో 350 ఆటోమేటిక్ ఉన్నాయి. ఇంటర్‌స్టేట్ 45 మీద తరచుగా డల్లాస్ వెళ్ళి రావలసి ఉంటుంది. 70 మైళ్ళ వేగం అందుకునేసరికి ఇంజను మోతకు పక్క సీటులో ఉన్న మా ఆవిడ మాట కూడా వినిపించదు. అందుకే ఓవర్‌డ్రైవ్, అంటే ఇంజను నెమ్మదిగా తిరిగేలా చేసే నాలుగో గేరు, ఉన్న ఆటోమేటిక్ పెట్టాలని నిశ్చయించుకున్నాను. గేర్‌బాక్సును కింద మోసే అడ్డదూలం, అంటే క్రాస్‌మెంబర్‌ను రెండు అంగుళాలు వెనక్కి జరపాలని ఒకచోట, ఆరున్నర అంగుళాలు జరపాలని మరొకచోట చదివాను. గేర్‌బాక్సు నుంచి వెనుక యాక్సిల్‌కు వెళ్ళే డ్రైవ్‌షాఫ్టు కోయించాలని ఒకరంటే, అక్కరలేదని ఇంకొకరన్నారు. 700ఆర్4, 200-4ఆర్, ఈ రెండు జనరల్ మోటార్స్ గేర్‌బాక్సులలో ఏది మంచిదో ఒక్క మాటలో చెప్పండి, చాలు.

డెట్రాయిట్ వాసి:
వెనుక యాక్సిల్ నిష్పత్తి ఎంత? టైరు ఎత్తు ఎంత?

పాతబండి అభిమాని:
అయ్యా, ప్రశ్నకు నేరుగా జవాబు కాకపోయినా ఒక మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను. అర్ధ శతాబ్దం దాటిన బండిని కర్మాగారం నుంచి వచ్చిన రూపంలో కాపాడుకోవడం మనందరి బాధ్యత. ఇంజను మీది సంఖ్యా గేర్‌బాక్సు మీది సంఖ్యా బండి సంఖ్యతో సరిపోయినప్పుడే దానికి చరిత్ర ఉంటుంది, విలువ కూడా ఉంటుంది. ఒకసారి క్రాస్‌మెంబర్ జరిపి, డ్రైవ్‌షాఫ్టు కోసి, సెలెక్టర్ లింకేజీ మార్చాక వెనక్కి వెళ్ళడం కష్టం. నా మాట వినండి, గేర్‌బాక్సు జోలికి పోకుండా శబ్దం తగ్గడానికి నేల కింద మందపాటి పరుపు వేయించండి.

ఫ్రిస్కో గ్యారేజీ:
అభిమాని గారూ, మీ ఆరాటం నాకు అర్థమవుతుంది, కానీ టర్బో 350 వచ్చిందే 1969 మోడళ్ళతో. 1968 షెవెల్‌లో వి8 అంటే 307, 327, 396 ఇంజన్లే తప్ప 350 లేదు. అంటే ఈ బండి తొలి రూపం ఎవరో ఎప్పుడో మార్చేశారు. కాబట్టి ఆ చర్చ ఈ బండికి వర్తించదు.

హ్యూస్టన్ గారూ, మీరు చదివిన రెండు కొలతలూ నిజమే, అవి రెండు వేర్వేరు గేర్‌బాక్సులవి. ఇంజనుకు ఆనుకునే ముఖం నుంచి, క్రాస్‌మెంబర్ మీద ఆనే మౌంటు వరకు టర్బో 350కు సుమారు 20 అంగుళాల పైచిలుకు, 700ఆర్4కు 22న్నర, 200-4ఆర్‌కు 27 ఉంటుంది. అందుకే 700ఆర్4కు క్రాస్‌మెంబర్ రెండు అంగుళాలు జరిగితే సరిపోతుంది, 200-4ఆర్‌కు ఆరున్నర జరగాలి. మొత్తం పొడవు దగ్గరకు వస్తే వరుస తిరగబడుతుంది. ఆరు అంగుళాల టెయిల్ హౌసింగ్ (గేర్‌బాక్సు వెనుక చివరి తొడుగు) ఉన్న టర్బో 350 పొడవూ 200-4ఆర్ పొడవూ ఒకటే, 27 అంగుళాల పైన 11/16. కనుక మీ డ్రైవ్‌షాఫ్టు అలాగే పనికివస్తుంది, దాన్ని గేర్‌బాక్సుకు కలిపే యోక్ కూడా అదే 27 పళ్ళది. 700ఆర్4 పొడవు 30 ముప్పావు కనుక డ్రైవ్‌షాఫ్టును మూడు అంగుళాలు కోయించి, బ్యాలెన్సు చేయించక తప్పదు. మీ టెయిల్ హౌసింగ్ ఆరు అంగుళాలదో, తొమ్మిది అంగుళాలదో కొలిచి చెప్పండి.

హ్యూస్టన్ షెవెల్:
ధన్యవాదాలు, క్రాస్‌మెంబర్ ముడి విడిపోయింది. టెయిల్ ఆరు అంగుళాలదే. యాక్సిల్ మామూలుదే, నేను కొన్నప్పుడు ఉన్నదే. దాని గురించి ఎందుకు అడుగుతున్నారో నాకు తెలియడం లేదు, నేను మార్చేది గేర్‌బాక్సును కదా?

డెట్రాయిట్ వాసి:
మామూలు అనే నిష్పత్తి లేదు. ముందు చక్రాలకు అడ్డు పెట్టి, గేరు న్యూట్రల్‌లో వేసి, ఒక్క వెనుక చక్రాన్ని మాత్రమే స్టాండు మీద లేపి సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. డ్రైవ్‌షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగితే అదే నిష్పత్తి. పాజిట్రాక్షన్ (రెండు వెనుక చక్రాలనూ కలిపి తిప్పే డిఫరెన్షియల్) ఉంటే రెండు చక్రాలూ లేపి ఒక్క చుట్టు.

ఫ్రిస్కో గ్యారేజీ:
ఎందుకు అడుగుతున్నామో వివరిస్తాను, ఎందుకంటే అసలు నిర్ణయం అక్కడే ఉంది. వేగాన్ని మైళ్ళలో తీసుకుని, యాక్సిల్ నిష్పత్తితోనూ 336తోనూ గుణించి, టైరు ఎత్తు అంగుళాలతో భాగిస్తే, నిష్పత్తి 1గా ఉండే మూడో గేరులో ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో దాదాపుగా వస్తుంది. 26 అంగుళాల టైరు, 3.73 యాక్సిల్ అనుకుంటే 70 మైళ్ళ వద్ద సుమారు 3,370 చుట్లు. 700ఆర్4 నాలుగో గేరు 0.70 కనుక అది 2,360కి, 200-4ఆర్ నాలుగో గేరు 0.67 కనుక 2,260కి దిగుతుంది. అలాగైతే మీ డల్లాస్ ప్రయాణం హాయిగా ఉంటుంది. అదే యాక్సిల్ 2.73 అయితే ఇప్పుడే 2,470 చుట్లు ఉన్నట్టు. నాలుగో గేరు వేస్తే 1,730కి పడిపోయి, చిన్న ఎత్తుకు కూడా ఇంజను గునుస్తుంది, గేరు మాటిమాటికీ కిందికి మారుతుంది. అటువంటి బండికి వేల డాలర్లు పోసి ఓవర్‌డ్రైవ్ పెట్టినా యాక్సిల్ కూడా మార్చేదాకా సుఖం ఉండదు.

తెనాలి మెకానిక్:
నేను ఇక్కడ తెనాలిలో ముప్పై ఏళ్ళుగా బళ్ళు బాగుచేస్తున్నాను. మాకు ఓవర్‌డ్రైవ్ అంటే పాత ఇంగ్లీషు కార్లలో గేర్‌బాక్సు వెనుక విడిగా బిగించే లేకాక్ యూనిట్. నాలుగో గేరు నిష్పత్తి ఒకటి కంటే తక్కువ ఉన్నంత మాత్రాన మొత్తం గేర్‌బాక్సును ఓవర్‌డ్రైవ్ అనడం సబబు కాదు. విడి యూనిట్ కావాలంటే ఆయన టర్బో 350 వెనుకే గేర్ వెండర్స్ వారిది బిగించుకోవచ్చు కదా?

ఫ్రిస్కో గ్యారేజీ:
బిగించుకోవచ్చు, దాని నిష్పత్తి 0.78. అయితే దానికీ డ్రైవ్‌షాఫ్టు పొట్టిచేయాలి, మొదటి గేరు 2.52గానే ఉండిపోతుంది. పేరు మాటకొస్తే, చక్రాలవైపు షాఫ్టు ఇంజను కంటే వేగంగా తిరిగే ఏ గేరునైనా ఓవర్‌డ్రైవ్ అనడం దశాబ్దాలుగా వాడుకలో ఉంది, అది విడి యూనిట్‌లో ఉన్నా, లోపల ఉన్నా.

హ్యూస్టన్ షెవెల్:
దయచేసి నా ప్రశ్న దగ్గరకు రండి. నిన్న ఒక పాత సామాన్ల యార్డులో 1983 నాటి 700ఆర్4 చూసి బయానా కూడా ఇచ్చాను. టర్బో 350కి ఉన్న కిక్‌డౌన్ కేబుల్‌నే దానికి తగిలిస్తే సరిపోతుందని అక్కడి మనిషి చెప్పాడు.

డెట్రాయిట్ వాసి:
వద్దు. బయానా వెనక్కి అడగండి.

ఫ్రిస్కో గ్యారేజీ:
బయానా సంగతి మొదటే చెప్పి ఉండవలసింది. 1982లో మొదలైన 700ఆర్4లలో తొలి సంవత్సరాలవాటి ఇన్‌పుట్ షాఫ్టుకు 27 పళ్ళే ఉండేవి. తరువాత ఇంకా గట్టివైన 30 పళ్ళవి వచ్చాయి, 1987 నుంచి లోపలి భాగాలు ఇంకా మెరుగుపడ్డాయి. 1983 నాటిది తీసుకుంటే మొత్తం విప్పి బాగుచేయించే ఖర్చు తప్పదు.

దీనికంటే ప్రమాదకరమైన మాట ఆ కేబుల్ గురించి అతను చెప్పినది. టర్బో 350 కిక్‌డౌన్ కేబుల్ చేసే పని ఒక్కటే, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు కింది గేరుకు దించడం. అది తెగిపోయినా బండి నడుస్తుంది. 700ఆర్4లోనూ 200-4ఆర్‌లోనూ ఉండేది టీవీ కేబుల్, అంటే త్రాటిల్ వాల్వు కేబుల్. మీరు ఎంత తొక్కితే లోపల ఆయిలు ఒత్తిడి అంత పెరగాలని అది నిమిషనిమిషమూ చెబుతూ ఉంటుంది. అది వదులుగా ఉంటే ఒత్తిడి చాలక క్లచ్చులు జారి, కొద్ది మైళ్ళలోనే కాలిపోతాయి. కొత్తగా బాగుచేసిన గేర్‌బాక్సులు మొదటి వారంలోనే పోవడానికి నేను చూసినంతలో ఇదే పెద్ద కారణం.

తెనాలి మెకానిక్:
మా దగ్గర రెండింటినీ కిక్‌డౌన్ అనే అంటారు.

డెట్రాయిట్ వాసి:
అలా అనడం వల్లే కాలిపోతున్నాయి.

తెనాలి మెకానిక్:
పేరులో ఏ దోషమూ లేదు, సర్దుబాటు తెలియనివాడి చేతిలో దోషం ఉంది. ఏ పేరు పెట్టినా, యాక్సిలరేటర్ నేలకు తాకినప్పుడు కేబుల్ చివరిదాకా లాగబడుతోందో లేదో బానెట్ తెరిచి కళ్ళతో చూడమని నా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్ళకు చెబుతాను.

ఫ్రిస్కో గ్యారేజీ:
అందులో మాత్రం మీతో పూర్తిగా ఏకీభవిస్తాను, పెద్దాయనా. దానితోపాటు ప్రెషర్ గేజి కూడా బిగించి చూడాలి.

హ్యూస్టన్ గారూ, నా అభిప్రాయం అడిగితే, మీ యాక్సిల్ 3.73 దరిదాపుల్లో ఉంటే 200-4ఆర్ తీసుకోండి. 700ఆర్4 మొదటి గేరు 3.06, రెండోది 1.63, మధ్య ఎడం ఎక్కువ. 5,000 వద్ద గేరు మారితే ఇంజను 2,660కి పడిపోతుంది. 200-4ఆర్‌లో 2.74, 1.57 కనుక 2,860 పైనే నిలుస్తుంది. 3.73 యాక్సిల్‌కు 3.06 మొదటి గేరు తోడైతే కూడలి దాటకముందే అది అయిపోతుంది. 700ఆర్4కు విడిభాగాలు విరివిగా దొరుకుతాయన్నది నిజమే, పికప్పులలో అవి లెక్కలేనన్ని వచ్చాయి. ఏది పెట్టినా టార్క్ కన్వర్టర్ లాకప్‌కు (ఇంజనునూ గేర్‌బాక్సునూ జారకుండా పట్టి ఉంచేదానికి) వైరింగు సరిగా చేయించండి, విడిగా ఆయిల్ కూలర్ పెట్టండి. ఇంతకూ మీది ఏ కార్బురేటర్?

హ్యూస్టన్ షెవెల్:
ఇప్పుడే కొలిచాను. రెండు చుట్లకు మూడు ముప్పావు కంటే ఒక్క పిసరు తక్కువ తిరిగింది, అంటే 3.73 అనుకుంటాను. టైరు 26 అంగుళాలు. కార్బురేటర్ హోలీ కంపెనీది. బయానాలో సగమే వెనక్కి ఇస్తానన్నారు, సరేనన్నాను. 200-4ఆర్ వెతుకుతాను. అందరికీ ధన్యవాదాలు.

ఫ్రిస్కో గ్యారేజీ:
హోలీ అయితే టీవీ కేబుల్ లాగే కోణం దానంతట అది సరిపోదు. జనరల్ మోటార్స్ బళ్ళ క్వాడ్రాజెట్ కార్బురేటర్ లివరును దృష్టిలో పెట్టుకుని ఆ కేబుల్ చేశారు కనుక, కోణం సరిచేసే బ్రాకెట్ విడిగా కొనాలి. బ్రాకెట్ తగిలించాక ఒక ఫోటో ఇక్కడ పెట్టండి, బండి కదిలించకముందే చూసి చెబుతాను.

డెట్రాయిట్ వాసి:
రెండు నెలలయింది. ఫోటో పెట్టారా?