బీర పందిరికి తుమ్మెదలు రావడం లేదు. రాటలు మార్చినందుకేనా?

లంకరైతు:
నమస్కారమండి. మాది రావులపాలెం దగ్గర లంక. ముప్పై సెంట్లలో బీర, గట్టు మీద నాలుగు గుమ్మడి పాదులు. ఇన్నాళ్లూ పందిరికి వెదురు రాటలే. వరదొచ్చిన ప్రతిసారీ సగం పడిపోతున్నాయని ఈసారి సిమెంటు స్తంభాలు పాతించి, ఇనుప తీగ లాగించాను. పందిరి భేషుగ్గా ఉంది, కాపే లేదు. పూలు విరగబూస్తున్నాయి, పిందె చిటికెన వేలంతయ్యాక పచ్చబడి రాలిపోతోంది.

మందుల షాపులో రెండు సీసాలు చేతిలో పెట్టారు. కొట్టాను, తేడా లేదు. మొన్న సాయంత్రం ఐదున్నరకు పందిరి కింద కుర్చీ వేసుకుని గంట కూర్చున్నా. (మా ఆవిడ టీ తెచ్చి "ఎవరొస్తారని?" అంది.) ఇదివరకు ఆ వేళకి నల్ల తుమ్మెదలు జుయ్యిమని చెవి పక్కనుంచే పోయేవి. గంటలో ఒకే ఒక్కటి వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది: పాత రాటలకు వేలు పట్టేంత గుండ్రటి కన్నాలుండేవి, కింద పొట్టు రాలేది. తుమ్మెదల గూళ్లు అవేనేమో. ఆ రాటలన్నీ భోగిమంటలో వేసేశాం!

అమెరికాలో పోర్ట్‌లాండ్‌లో ఉన్న మా మేనకోడలు, అక్కడి జెర్క్సీస్ సొసైటీ వాళ్లు పురుగుల కోసమే పనిచేస్తారు, చదువు మావయ్యా అంటోంది. వాళ్ల మాట మన లంకలకు పనికొస్తుందా? రెండు తేనెపెట్టెలు తెచ్చుకుంటే సరిపోదా?

కొబ్బరితోట:
ముందు రాలిన పిందెను చేతిలోకి తీసుకుని చూడండి. సూదితో పొడిచినట్టు గాటు, దాని మీద జిగురు ఉంటే పండు ఈగ. ఏ గాటూ లేకుండా పచ్చబడితే పుప్పొడి అందనట్టే. ఇంకో మాట, మందు ఏ వేళకి కొట్టారు?

లంకరైతు:
గాటు లేదండి. ఎండ తగ్గాక, సాయంత్రం కొట్టాను. తేనెటీగలకు అదే మంచిదన్నారు.

బాపట్ల బ్యాచ్:
గుమ్మడికి మంచిదే, దాని పువ్వు తెల్లవారుజామున విచ్చి మధ్యాహ్నానికల్లా ముడుచుకుంటుంది. బీర పువ్వు విచ్చేదే సాయంత్రం. మీరు సరిగ్గా చుట్టాలొచ్చే వేళకి గుమ్మంలో మందు కొట్టారు. పొద్దు వాలాక తేనెటీగలు గూటికి పోతాయి కాబట్టి పెట్టెలతోనూ బీరకు పెద్దగా ఒరిగేది ఉండదు. దానికి కావాల్సింది తుమ్మెదలు, రాత్రి తిరిగే రెక్కల పురుగులు.

ఆ సొసైటీని 1971లో రాబర్ట్ మైకేల్ పైల్ మొదలుపెట్టారు. పేరు ఒక చిన్న నీలి సీతాకోకచిలుకది. శాన్‌ఫ్రాన్సిస్కో ఇసుక దిబ్బల్లో ఉండేది. ఊరు పెరిగి దిబ్బలు పోయాయి, 1940ల మొదట్లో అదీ పోయింది. ఎవరూ పనిగట్టుకుని చంపలేదు, ఉండే చోటు లేకుండా చేశారు. మీ భోగిమంట సంగతి చదవగానే నాకదే తట్టింది.

వాళ్లు ఎక్కువగా పట్టించుకునే బంబుల్‌బీలు అనే బొచ్చు తుమ్మెదలు మన డెల్టాలో ఉండవు. అక్కడి పూల మొక్కల జాబితాలూ మనకు పనికిరావు. కానీ పట్టు తెంచకుండా పనిచేస్తారు: ఒక బంబుల్‌బీని కాపాడమని 2013లో అర్జీ పెట్టి, 2017లో అక్కడి ప్రభుత్వం దాన్ని అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేర్చేదాకా వదల్లేదు. తేనెపెట్టెలు పెంచడం వేరు, తుమ్మెదల్లా తమంతట తాము బతికేవాటిని కాపాడడం వేరని కూడా వాళ్లు గట్టిగా చెబుతారు. ఎండు కాడలు, పుల్లలు ఊడ్చేయకండి, నేల కొంత ఖాళీగా వదలండి అంటారు. ఇది మాత్రం మన దొడ్లకూ వర్తిస్తుంది.

తుమ్మెదలు మళ్లీ గూడు పెట్టుకోడానికి ఎండు వెదురును మూరెడు ముక్కలుగా కోయండి. ఒక కొస కణుపుతో మూసుకుని ఉండాలి. వాన తగలకుండా చూరు కింద అడ్డంగా కట్టండి.

తాటిపాక అత్తయ్య:
తుమ్మెదలు వచ్చేదాకా పంట ఆగదు కదా నాయనా. సాయంత్రం మగపువ్వు కోసి, రేకులు తీసేసి, ఆడపువ్వు నడిమధ్య మెల్లిగా అద్దు. ఆడపువ్వంటే వెనకాల బుల్లి బీరకాయ ఉంటుందే, అది. నేను పొట్లకి, సొరకి ఏళ్లుగా ఇదే చేస్తున్నా. మా దొండకి ఈ గొడవ లేదు, మగపువ్వు మొహం చూడకుండానే కాసేస్తుంది.

లంకరైతు:
మూడు వారాల తర్వాత చెబుతున్నానండి. అత్తయ్యగారన్నట్టు నలభై పూలకు అద్దాం, ముప్పై ఒక్క పిందెలు నిలిచాయి. నడుం పడిపోయింది. ముప్పై సెంట్లంతా ఇలా కుదరదు, తుమ్మెదలు రావాల్సిందే. మందు మానేశాను. పశువుల పాక చూరుకు పదహారు వెదురు ముక్కలు కట్టాను. నిన్న పొద్దున ఒక ముక్క కింద పచ్చటి పొట్టు రాలి ఉంది. మా ఆవిడ చీపురు తెస్తుంటే ఆపేశాను.