సమస్య: తెలుపు గుడ్డ చూడఁ దెలుపు గాదు

నిర్వాహకులు: ఆటవెలది చివరి పాదం ఇచ్చాం. దత్తాంశం స్పెయిన్ చిత్రకారుడు హోఆకీన్ సొరొల్లా (1863–1923). పద్యం చదవగానే ఆయన బొమ్మల్లో ఏదో పోల్చుకోగలగాలి. క్రమాలంకారంతో (పై పాదాల్లో ప్రశ్నలు వేసి, సమస్యలోని పదాలను వరుసగా జవాబులు చేసే పద్ధతితో) తప్పించుకోవద్దు, ఇక్కడ దాని అవసరం రాదు.

పూరణ 1 (తెరచాప కుట్టడం, 1896)

ఆకుసందు నుండి యాతపమ్ము దిగంగ
నీడ లూద రంగు నింపు వేళ
నోడ తెరను గుట్టు నొడుపైన చేతుల
తెలుపు గుడ్డ చూడఁ దెలుపు గాదు

పరిశీలన: గణాలు, యతులు సరిపోయాయి. ‘చేతుల’ షష్ఠి (‘చేతుల యొక్క’) అయితేనే ‘తెలుపు’ నిలుస్తుంది. సప్తమి (‘చేతులలో’) అనుకుంటే ‘చేతులఁ దెలుపు’ అయి సమస్యే మారిపోతుంది. ‘ఊద’ మంచి ఎంపిక. ఇప్పుడు వెనీస్‌లో ఉన్న ఆ మూడు మీటర్ల వెడల్పు కాన్వాసులో ఎండ నేరుగా తగిలిన మడతలే అచ్చం తెలుపు. మిగతా బట్టంతా నీలం, ఊద, మొక్కల పచ్చ పీల్చుకుంది.

ఒక సభ్యుడు: నీడకు తెలుపులో కాస్త నలుపు కలిపితే చాలదా అండీ?

పరిశీలన: చాలదండీ, బూడిద రంగు వచ్చి గుడ్డ మాసినట్టు కనిపిస్తుంది. ఆరుబయట నీడను వెలిగించేది ఆకాశం, కాబట్టి నీడ నీలానికే తిరుగుతుంది. ముందు నీడలన్నీ కోబాల్ట్ నీలం, ఊదలతో పలచగా పరచాలి. ఎండ తగిలిన చోటికి చిటికెడు పసుపు కలిపిన తెలుపును చివర్లో దట్టంగా పెట్టాలి. మొదటే తెలుపు ఖర్చు చేస్తే ఆపైన వెలుగు చూపడానికి ఏమీ మిగలదు.

పూరణ 2 (సముద్రతీరాన షికారు, 1909)

సంజ వెలుఁగు సోకి సాగరతీరాన
గాలి కెగయు ముసుఁగు, కడలి నీలి
జాడ పసుపు జిలుఁగు జతకూడి నిలిచిన
తెలుపు గుడ్డ చూడఁ దెలుపు గాదు

పరిశీలన: భావం పసందుగా ఉంది, అన్వయమే కుదరలేదు. ‘ముసుఁగు’కు క్రియ లేక గాలిలోనే ఉండిపోయింది. రెండో పాదం ‘గాలి కెగయు ముసుఁగుఁ గప్పి నీలి’ అంటే అతుకుతుంది, గా–గ యతీ చెల్లుతుంది. ‘కడలి’ పోయినా నష్టం లేదు, ‘సాగరతీరం’ పైనే ఉంది. న్యూయార్క్ ప్రదర్శన ముగించి వచ్చిన వేసవిలో భార్య క్లోతిల్దేనూ కూతురు మరియానూ వలెన్సియా ఒడ్డున గీసిన బొమ్మ ఇది. ఇందులో దిగంతరేఖే లేదు, ఆకాశం కనబడదు. దాని నీలం దుస్తుల నీడల్లో మాత్రమే దొరుకుతుంది. పద్యం పట్టుకున్నది సరిగ్గా అదే.

పూరణ 3 (తల్లి, 1895–1900)

పురిటి మంచమందుఁ బొత్తిళ్ళ పాపాయి
తల్లి మోముఁ దక్కఁ దక్కినంత
గోడ దుప్పటులకు గోధుమ రంగెక్కె
తెలుపు గుడ్డ చూడఁ దెలుపు గాదు

పరిశీలన: ఛందస్సుకు వంక లేదు, రంగుకే ఉంది. గోధుమ మరీ ముదురు. గది లోపలి బొమ్మ కనుక సముద్రతీరపు నీలం ఇక్కడ పనికిరాదన్న ఆలోచన మాత్రం సరైనదే. గోడ, పరుపు, దుప్పటి ఒకదానిలో ఒకటి కరిగిపోయేంత దగ్గరి వన్నెలు, వాటి మధ్య రెండు తలలు. ‘గోడ దుప్పటులకు గుమ్మపాల మెఱుపు’ అని మారిస్తే గో–గు యతి చెల్లుతుంది, వన్నె కూడా ఆ గదిదే అవుతుంది.