పొట్టి నూరువరహాల ఆకులు పసుపెక్కుతున్నాయి

ప్రశ్న: కుండీలో నాటి రెండేళ్లయింది. తొలి ఏడాది గుత్తులు గుత్తులుగా పూసింది. ఇప్పుడు పూత లేదు, లేత ఆకులు పసుపెక్కాయి. ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. ఎరువుకు లోటు చేయలేదు.

జవాబు: అది ఇనుము లోపంలా ఉంది. మట్టి క్షారంగా మారితే, అందులో ఇనుము ఉన్నా వేళ్లు తీసుకోలేవు. ఈ మొక్కకు ఆమ్ల నేల కావాలి, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 5-6 మధ్య. ఏ నీళ్లు పోస్తున్నారు?

ప్రశ్న అడిగినవారు: బోరు నీళ్లే. బలానికని గుడ్డు పెంకుల పొడి కూడా వేశాను.

జవాబు: అయ్యో, పెంకులంటే సున్నమే కదా, మట్టిని క్షారంగా మార్చేస్తుంది! బోరు నీళ్లలోనూ తరచూ సున్నం ఉంటుంది. నేనూ ఒకసారి ఇలాగే ఓ మొక్కను పాడుచేసుకున్నాను. పైమట్టి తీసి ఆకుల ఎరువు నింపండి, వాననీళ్లు పోయండి. చీలేటెడ్ ఇనుము (మొక్క తేలిగ్గా తీసుకోగల రూపంలోని ఇనుము) పిచికారీ చేస్తే కొత్త చిగుళ్లు పచ్చగా వస్తాయి.

మరొకరు: గుండ్రంగా ఉండాలని తరచూ కత్తిరిస్తున్నారా? పూగుత్తులు కొమ్మల కొసలకే వస్తాయి. పూత ముగిసేదాకా కత్తెర దాచేయండి.