పాత వ్యాన్ వాషర్‌కి మోటారు పెట్టాలి, రూపం మారకూడదు

రాయగడ వ్యాన్:
నాది 1972 ఫోక్స్‌వ్యాగన్ బస్సు. ముందు అద్దం మీద నీళ్లు చిమ్మే వాషర్ ట్యాంకుకి టైరుకి కొట్టినట్టు గాలి కొట్టాలి. స్విచ్ నొక్కితే ఆ గాలే నీళ్లను తోస్తుంది. ఇప్పుడు తెల్లారేసరికి ప్రెషర్ ఉండట్లేదు. కొరాపుట్ ఘాట్‌లో లారీ వెనక ఎర్రమట్టి పడిందంటే టెన్షనే. డాష్‌బోర్డుకి కొత్త రంధ్రం మాత్రం పెట్టను.

గుణుపురం మెకానిక్:
అన్నా, ముందు గాలి వాల్వుకి సబ్బునీళ్లు రాయండి, బుడగలొస్తే లీకు అక్కడే. మోటారే కావాలంటే మారుతీ 12 వోల్టుల వాషర్ పంపు చాలు, ట్యాంకు కింద కనపడదు. అయితే ఆ ట్యాంకు మూతలోంచి గాలి చొరదు. పంపు లాగేకొద్దీ లోపల వాక్యూమ్ వచ్చి ధార ఆగిపోతుంది. గాలి వాల్వులో పిన్ను విప్పేయండి, బయటికి తేడా తెలియదు.

పర్లాకిమిడి పాతబండి:
నీళ్లు చిమ్మే నాజిల్ దగ్గర వన్‌వే వాల్వు పెట్టు తమ్ముడూ, లేకపోతే నీళ్లు వెనక్కి దిగిపోతాయి. బటన్ డాష్ అడుగున. ఫ్యూజు తప్పనిసరి. నేనైతే లీకు కట్టి గాలితోనే నడుపుతాను, ఆ సరదా మోటారుకి రాదు.

రాయగడ వ్యాన్:
గాలి వాల్వు బాగానే ఉంది. స్విచ్ వెనక నీళ్ల పైపు తడిగా ఉంది, లీకు అక్కడే. వైర్ల పక్కన నీళ్లెందుకు, పంపే పెడతాను. ఆ పాత పైపు ఖాళీగా వదిలేస్తాను.