గండికోట లోయ లోతు లెక్కలో గాలి నిరోధం ఎట్ల కలపాల?

మాది కడప. పోయిన ఆదివారం గండికోట అంచున నిలబడి, కింద మనుషులు లేరని చూసుకుని, పెన్నలోకి పిడికిలంత రాయి వదిలినాం. ఫోన్ స్టాప్‌వాచ్‌లో 4 సెకన్లకు బుడుంగుమని వినిపించింది. మావాడు వెంటనే 78.4 మీటర్లు అన్నాడు.

"శబ్దం పైకి రావద్దా రా?"

"అది రెప్పపాటు పని లేప్పా!"

ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లు అనుకుంటే నాకు 70.5 వచ్చింది. శబ్దానికి పట్టింది 0.2 సెకన్లే, తేడా మాత్రం దాదాపు 8 మీటర్లు! ఇప్పుడు వాడు గాలి నిరోధం ఏదని పట్టుకున్నాడు. న్యాయమైన మాటే. నీళ్లను తాకేసరికి రాయి వేగం సెకనుకు 37 మీటర్లు గదా, గాలి ఎంత అడ్డుపడుతుంది? ఇంటర్ లెక్కలతో తేలే దారి ఉంటే చెప్పండన్నా.